కుక్క పెరిగేదాకా

“దీని తిండి ఎవరు తింటున్నరు? నువ్వా, నీ పెండ్లమా?”

కుక్కపిల్లను గేటు ముందు నిలబెట్టి శ్రీపాల్‌రెడ్డి అరిచాడు.

అజీజ్‌నగర్‌లోని అతని ఫామ్‌హౌస్‌కు ఎల్లయ్య ఆరేళ్లుగా వాచ్‌మన్. ఈ కార్గి కుక్కపిల్లను తెచ్చిన రోజే రెడ్డి తేల్చి చెప్పేశాడు: ఇది గొర్ల మందను కాసే జాతి, పెరిగితే గేటు ఇదే కాస్తది, పెద్దయ్యేదాకే నీకు ఇక్కడ పని.

“ఏడాది నిండింది, నా మోకాలంత కూడ రాలె. నౌకరి పోతదని దాని కడుపు మాడుస్తున్నవ్.”

“ఒక్క పూట తక్కువ పెట్టలె పటేలా.”

“దొంగతనం చేసి మళ్ల అబద్ధమా?”

ఆ మాటకు ఎల్లయ్య ముఖం మారింది.

“చెప్పకయ్యా,” అంది వెనక నుంచి భార్య ముత్తమ్మ.

అతను వినలేదు. వంగి కుక్క ముందరి కాలు పట్టుకున్నాడు. “ఇరవై ఏండ్లు గొర్లు కాసినోణ్ణి. కాళ్లు చూస్తే కుక్క ఎంత పెరుగుతదో తెలుస్తది. ఇది పొట్టి జాతి. ఎంత పెట్టినా గింతే.”

రెడ్డి నమ్మక, కుక్కను అమ్మినవాడికి ఫోన్ చేశాడు.

“కార్గి అంతే సార్, అడుగు ఎత్తు దాటదు,” అన్నాడు వాడు.

రెడ్డి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “నీకెప్పటి సంది తెలుసు?”

“మీరు తెచ్చిన దినమే.”

“మరి చెప్పలేదేంది?”

“చెప్తే తెల్లారే పెద్ద కుక్కను తెస్తుంటిరి.”

ఎల్లయ్య గేటు తాళంచెవులు తీసి రెడ్డి చేతిలో పెట్టాడు.

“ఇగ తెచ్చుకోండ్రి పటేలా. దొంగన్న మాట మాత్రం వాపస్ తీస్కోండ్రి.”