వడ్రంగి ఉర్దూ చదువు

“ఆదాబ్ భాయ్! ఆప్ కైసే హై?”

చిత్రిక పట్టడం ఆపి, ఎదురింటి దర్జీని వడ్రంగి గోడ అదిరేలా పలకరించాడు. గోడవతల ఉన్నది అతని అన్న. తండ్రి చెక్కపని చేసిన బాడిసె ఎవరిదన్న గొడవలో, “నీతో తెలుగు ముక్క మాట్లాడితే ఒట్టు” అన్నవాడు. ఊరందరితో తమ్ముడెంత కలివిడిగా ఉన్నాడో విని కుళ్లి చావాలనే దర్జీ దగ్గర ఈ ఉర్దూ చదువంతా.

దర్జీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “మీ అన్న కూడా పొద్దున నా దగ్గర ‘కైసే హో’ నేర్చుకెళ్లాడు, ఎలా ఉన్నావని అడగడానికి.”

“నన్ను ఏడిపించడానికేగా?”

“కాదు, నిన్నే అడగాలట. ఒట్టు తెలుగుకేగా, ఉర్దూకి లేదుగా అన్నాడు.”

గోడవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. వడ్రంగి చిత్రిక మీద పొట్టు ఊదాడు.

“దానికి జవాబేంటో నేర్పు భాయ్. వెంటనే చెప్తాననుకునేవు! రెండ్రోజులు ఏడిపించి చెప్తా.”