సీసాల మీది చీటీలు

బావగారికి,

నా రాత కోడి గీకినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోకండి. ఎదురుగా చెప్పడానికి నోరు రాక ఈ కార్డు రాస్తున్నాను.

నిన్న మన మనవరాలు తన ల్యాబులో గాజుపళ్లెం చూపించింది కదా. అందులో పెంచినవి పుండు చీము పట్టించే క్రిములంది. యాంటీబయాటిక్ చుక్క చుట్టూ అవి దర్జాగా పెరిగాయి. మన నిమ్మగడ్డి నూనె చుక్కల చుట్టూ మాత్రం చచ్చి, గుండ్రంగా ఖాళీ పడింది. మీ పేరున్న నూనెది సీసా మూతంత, నా పేరున్నది చొక్కా గుండీ అంత.

"పళ్లెంలో మాటే తాతయ్యా, పుళ్ల మీద పూయకండి!" అని ఆ పిల్ల మొత్తుకుంటున్నా మీరు వింటేనా?

"ఏరా బామ్మర్దీ, ఎవరి నూనె గొప్పదన్న ముప్పై ఏళ్ల గొడవ తేలిపోయింది! పందెం ప్రకారం సోమవారం నుంచి ఏడాదిపాటు నా నూనె తీసే బట్టీ నువ్వే కడగాలి" అని ఎగిరారు. నేను తల దించుకున్నాను.

ఓడినందుకు కాదు బావా. నా నూనె మీద నాకే నమ్మకం లేక, సీసాలు ఇచ్చేముందు రెండింటి చీటీలూ నేనే మార్చి అంటించాను. తప్పే. ఆ పిల్లకి చెప్పి, ల్యాబు పుస్తకంలో పేర్లు దిద్దించాను.

మీరు కళ్లజోడు వెతుక్కునేలోగా అక్క ఈ కార్డు అందరికీ చదివి వినిపిస్తుంది. కవరు కొననిది అందుకే.

నా బట్టీ కడిగే పీచు మీరే తెచ్చుకుంటారా, నన్ను తెచ్చి ఉంచమంటారా? సోమవారం లోపు జవాబు రాయండి.