చక్రం అంచున గీతలు

"మళ్ళీనా?" అన్నారు టైలరుగారు, కారు ముందు చక్రం మీదికి వంగి చూస్తూ.

కూతురు తల దించుకుంది. "మలుపు దగ్గర పేవ్‌మెంట్ గట్టు కనబడలేదు నాన్నా. రాసుకుపోయింది."

అల్లాయ్ చక్రం అంచు పొడుగునా గీతలు. వెండిరంగు లేచిపోయి, లోపలి లోహం పిల్లి రక్కినట్టు బయటపడింది. ఇది మూడో చక్రం. కారు పాతదే గానీ, ఉద్యోగం వచ్చాక పిల్ల తన సంపాదనతో కొనుక్కున్నది.

"దీనికి లైసెన్సు ఇచ్చిన మహానుభావుడు ఎవరో గానీ, ఒక్కసారి చూడాలనుంది," అంది భార్య వంటింట్లోంచే. "మీరు మాత్రం ముట్టుకోకండి. షాపులో ఇచ్చి బాగుచేయించుకుంటుంది. మొదటి చక్రానికి మీరు వేసిన రంగు చూశాంగా, చారలు చారలుగా కారింది."

ఆ మాట ఆయనకు చురుక్కుమంది.

"చక్రం ఊడదియ్యి," అన్నారు కూతురితో.

ఊరందరి కొలతలూ వేళ్ళ మీద ఉన్న మనిషి ఆయన. కిందటేడు ఒకరోజు పొద్దున్న లేచేసరికి కుడిచెయ్యి ఎవరిదో అన్నట్టు పక్క మీద పడి ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక కాలు కుదుటపడింది, మాట కుదుటపడింది, చెయ్యి మాత్రం మొండికేసింది. షాపుకు తాళం పడింది. వ్యాయామం చేయించడానికి వచ్చిన ఫిజియో అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే, "నేనేం పాలు తాగే పిల్లాణ్ణా?" అని దాన్ని మంచం కిందికి దొర్లించేశారు. అప్పట్నుంచీ కిటికీ దగ్గర కుర్చీ, ఆ కుర్చీలో ఆయన.

ఇప్పుడు దానికి తోడు ఈ భయమొకటి పట్టుకుంది. గట్టు కనబడని పిల్లకు రేపు రోడ్డు దాటే మనిషి కనబడతాడా? సాయంత్రం గేటు ముందు కారు చప్పుడు వినబడేదాకా ఆయన ప్రాణం ప్రాణంలో ఉండటం లేదు.

కూతురు స్టెప్నీ బిగించి ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఆయన వరండాలో చక్రాన్ని పడుకోబెట్టి, పీట లాక్కుని కూర్చున్నారు. ముందు సబ్బునీళ్ళతో కడిగి, బ్రేకుల నల్లటి మసి వదిలించారు. గరుకు ఉప్పుకాగితంతో గీతల మీద రుద్దారు. లోతైన చోట లప్పం నింపి, ఆరాక నున్నటి కాగితాన్ని నీళ్ళలో ముంచి మళ్ళీ రుద్దారు. కళ్ళు మూసుకుని వేలితో అంచంతా తడిమి చూశారు. గుడ్డ మీద కుట్టు తగిలినట్టు ఎక్కడో చిన్న మిట్ట. మళ్ళీ రుద్దారు. టైరుకు రంగు అంటకుండా చుట్టూ సందులో పేకముక్కలు దోపారు. ఆ తర్వాత స్ప్రే డబ్బా అందుకున్నారు.

మొదటి చక్రానికి ఆ మీట నొక్కలేకే రంగు చెడింది. వేలు నొక్కేది, వదిలేసేది. రెండోదానికి ఎడంచేత్తో కానిచ్చారు. ఈసారి రంగు మంచులా పలచగా, సమంగా పరుచుకుంది. పనిలో పడి, ఏ చేత్తో వేస్తున్నదీ ఆయన చూసుకోలేదు.

మర్నాడు పొద్దున భార్య చొక్కా తెచ్చి, రోజూలాగే గుండీలు పెట్టడానికి దగ్గరికొచ్చింది. ఆయన చొక్కా చేతిలోంచి లాక్కుని తొడుక్కున్నారు. "చక్రం మీద రాత్రి కొట్టిన మెరుపుపూత, ఆ క్లియర్ కోటు, ఆరిందో లేదో," అంటూ గుండీలన్నీ తనే పెట్టుకుని వరండాలోకి నడిచారు. భార్య అక్కడే నిలబడిపోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చాలాసేపటిదాకా కదల్లేదు.

ఆ వారమే ఆవిడ ఫిజియో అమ్మాయిని మళ్ళీ పిలిపించింది.

"నా చెయ్యి గట్టిగా పట్టుకోండి అంకుల్," అంది ఆ అమ్మాయి. పట్టుకున్నారు. "ఇంకా గట్టిగా." ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మో, వదలండి. ఏం చేస్తున్నారు మీరు?"

"ఏముందమ్మా. మా పిల్ల కారుకు గీతలు పెట్టుకొస్తుంది, నేను తుడుస్తుంటాను."

"సగం దారికి పైనే వచ్చారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే కత్తెర పట్టుకోవచ్చు. మధ్యలో మాత్రం మానకండి."

టైలరుగారు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఎప్పుడో తప్పిపోయిన చుట్టం ఇంటికొచ్చినట్టు అనిపించింది. భార్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. కూతురు తండ్రి భుజానికి తల ఆనించింది.

గుండెల మీంచి ఇంత బరువు దిగిందిగానీ, ఒక్క దిగులు మిగిలే ఉంది.

"నా చెయ్యి సంగతి సరే," అన్నారు ఆయన. "నువ్వు ముందు గట్టు చూసి నడపడం నేర్చుకో తల్లీ. నీకేమన్నా అయితే ఈ చెయ్యి ఉండి ఏం లాభం? వెనక చక్రం ఒక్కటే మిగిలింది, దాన్నైనా దక్కించు."

"ఇవాళ్టి నుంచి నేను పక్కన కూర్చుంటాలెండి," అంది భార్య. "గట్టు ఎంత దూరముందో చూసి చెబుతాను."

ఆ మాటతో ఆయన మనసు తేలికపడింది. చాలాకాలానికి ఈల వేసుకుంటూ మెట్లెక్కి, మేడ మీది పిట్టగోడకు చేతులానించి నిలబడ్డారు. తల్లీకూతుళ్ళెక్కిన కారు నెమ్మదిగా, సుతారంగా, ఎదురొచ్చిన సైకిలుకు దారి ఇస్తూ వీధి చివరిదాకా వెళ్ళింది. పిల్ల ఎంత బాగా నడుపుతోందో అనుకున్నారు.

మలుపు దగ్గర కారు ఆగింది.

భార్య కిందికి దిగి, వెనక చక్రం గట్టుకు ఆనేదాకా రా రమ్మని చెయ్యి ఊపింది.