నాలుగు ప్లాన్లు, ఒక కాగితం

2022 ఫిబ్రవరి 7, సోమవారం. ఆ మధ్యాహ్నం ఇంజనీరింగు ఆఫీసులో శ్రీలత తిన్నది ఒకటే జొన్నరొట్టె, చింతకాయ తొక్కుతో. రెండోది డబ్బాలోనే ఉండిపోయింది.

బల్ల మీద నాలుగు ప్లాన్లు పరిచి ఉన్నాయి. అన్నీ భువనగిరి అవతలి ఒక చేనేత కాలనీవే. మంచినీళ్ల పైపు ఒక కాంట్రాక్టరుది, మురికినీటి మోరీ ఇంకొకరిది, కరెంటు తీగలు, సీసీ రోడ్డు మరో ఇద్దరివి. విడివిడిగా చూస్తే అన్నీ ఉగాదికి ముందే అయిపోతాయి.

నాలుగింటినీ కలిపి, గళ్ల కాగితం మీద ఏ పని ఎప్పటిదాకో చూపే గీతలతో ఒకే గాంట్ చార్టుగా గీస్తే మే ఇరవై దాకా పోతోంది.

"ఉగాదికల్లా నల్లాల నీళ్లు రావాలె," అని పొద్దున్నే చెప్పాడు డీఈ అశోక్‌కుమార్. "ఐదింటికి చార్టు పైకి పోవాలె. తేదీ దాటితే నీ కాంట్రాక్టు నౌకరి సంగతి నన్నడగకు."

గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక కాగితం కోసమొచ్చిన."

"ఐదు దాకా తీరిక లేదు తాతా. కూసో."

ఆయన కూర్చోలేదు. గళ్ల కాగితం మీదికి వంగాడు.

"చీర డిజైను మేం గిట్లనే గీసుకుంటం. గీ నాలుగు గీతలు ఒక్క జాగల్నే పడ్డయేంది?"

"నలుగురికీ అదే వీధి కావాలె, అదే వారం."

"ముందుగాల ఎవరు తవ్వాలె?"

"పైపోళ్లు. వాళ్లు గీ ఎర్ర గీత కాడ ఆగుతున్నరు. ఒక మగ్గం పాక అడ్డమున్నది. తీసెయ్యాలంటే మూడు రోజుల పని. మగ్గం మీద పడుగున్నదట, నేసుడు అయ్యేదాకా ఆగుతమని సారు మార్చి ఆఖరు దాకా గడువిచ్చిండు. గడువు కాగితమే ఇంకా రాసియ్యలే."

ఆయన ఎర్ర గీత మీద వేలు పెట్టాడు.

"దాన్ని గీ గురువారానికి జరిపితే?"

శ్రీలత జరిపి చూసింది. దాని వెనకాలవన్నీ వరుసగా ముందుకు వచ్చాయి. చివరి గీత ఉగాదికి ముందురోజు ఆగింది.

అటెండర్ గండయ్య నవ్వాడు. "ఎవని పాకనో కదా మేడం. ఎంతైనా జరుపుమంటడు."

శ్రీలతకూ అలాగే అనిపించింది.

"గడువిచ్చినంక ఆ పాకాయన ఒప్పుకోవద్దా?"

"ఒప్పుకుంటడు. నేను చెప్త. ఎండలు ముదరకముందే ఆడోళ్లకు ట్యాంకరు తిప్పలు తప్పుతయ్."

"ఆయన అడ్డం తిరిగితే జిమ్మ నీదే తాతా."

"నాదే."

ఆమె గీత మార్చి, తేదీలు దిద్దింది. తల ఎత్తేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు.

"నీ కాగితం?"

"ఇగ అక్కెర లేదు బిడ్డా."

ఐదింటికి చార్టు పైకి పోయింది. బాగా కుదిరిందన్నాడు డీఈ.

బుధవారం సాయంత్రం శ్రీలత ఆ పాక చూడటానికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. మగ్గం కొయ్యలు విప్పి గోడకు ఆనించారు. మధ్యలో కోసేసిన పడుగు, సగం నేసిన చీరతో సహా చాప మీద చుట్టి ఉంది.

లోపలి నుంచి ఒక మనిషి బయటికి వచ్చాడు.

"మగ్గం గుంట లోతుంటది బిడ్డా," అన్నాడు ముసలాయన. "రేపు కూలగొట్టేటోళ్లను జర చూసి అడుగెయ్యమను."

అని, తన పాక తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.