పగటి పడకగది

"ఇంకో జానెడు పైకి కొట్టన్నా. సందుంటే ఆడనించే వెలుతురు దూరుతాది," అంది ఈశ్వరి, స్టూలు కదలకుండా పట్టుకుని.

పక్కింటి కుళ్ళాయప్ప కిటికీ పరదా మేకు పైకి జరిపి కొట్టాడు. పట్టుచీరలు నేసే చేతికి సుత్తి కొత్త. రెండు దెబ్బలు మేకుకు తగిలితే ఒకటి బొటనవేలికి తగిలింది.

"మీ ఆయన నిద్రకు నా వేలు పోయేట్టుండాదమ్మా," అన్నాడు వేలు నోట్లో పెట్టుకుని.

మరో రోజైతే ఈశ్వరి పడీపడీ నవ్వేది. ఆమె మొగుడు చెన్నకేశవులు రైలింజను డ్రైవరు. సాయంత్రం ఆరింటికి క్యారియరు పట్టుకుని పోయి, రాత్రి బండిని ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం తీసుకెళ్ళి, తెల్లారేసరికి తిరిగొస్తాడు. నిద్రంతా పగలే. పదిహేనేళ్ళుగా తల దిండుకు తగలడం ఆలస్యం, ఆయన గుర్రు వీధి మొదటికి వినిపించేది. అలాంటి మనిషికి ఈ పంతొమ్మిది వందల అరవై ఒకటి ఎండాకాలంలో ఏం పట్టుకుందో, ఇరవై రోజులుగా పగలు కన్ను మూతపడడం లేదు. రైల్వేవాళ్ళ కళ్ళ పరీక్షకు గుంతకల్లు పోయి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. పరీక్ష బాగానే జరిగిందన్నాడు. అక్కడ కళ్ళలో వేసిన మందు పడలేదేమోనని ఈశ్వరి అనుమానం.

నిద్రలేని మనిషి ఇంజనెక్కితే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎక్కడో ఒక డ్రైవరు కునికిపాటు పడి, ఆగి ఉన్న బండిని గుద్దేశాడని విన్న నాటి నుంచి ఆమెకూ సరైన నిద్ర లేదు.

"మాత్రలెందుకమ్మా? గది చీకటిగా, చల్లగా, సద్దు లేకుండా ఉంటే నిద్ర దానంతటదే వస్తాది," అన్నాడు, నిద్రమాత్రలు అడగబోయిన ఆమెతో కాంపౌండరు నారాయణప్ప.

అంతే, ఈశ్వరి కొంగు బిగించి ఆ గది మీద పడింది. ఉత్త సున్నమైతే కళ్ళలో కొడుతుందని నీలిమందు కలిపి గోడలకు వేసింది. పరుపు విప్పి, దూది ఏకించి, మళ్ళీ కుట్టించింది. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి గంటకోసారి నీళ్ళు చల్లింది. గోడ గడియారాన్ని వంటింట్లోకి తరిమింది. వేళాపాళా లేకుండా కూసే కోడిపుంజును బుక్కపట్నంలో చెల్లెలింటికి సాగనంపింది. ఈ మధ్య మొగుడి చొక్కాకు బొగ్గుమసి తగ్గి ఉతుకుడు తేలికైంది. ఆ మిగిలిన తీరిక కూడా గదికే పెట్టింది.

గోడ అవతల మగ్గం ఒక్కటే మిగిలింది. అన్నం పెట్టే మగ్గాన్ని ఆపమని ఏ మొహంతో అడగాలా అని ఆమె తటపటాయిస్తుంటే, కుళ్ళాయప్పే ముందు మాటన్నాడు.

"అంతమంది పానాలు మోసే మనిషి. పగలు నేను గమ్మునుంటాలేమ్మా. ఆయప్ప డ్యూటీకి పోయినాక దీపం పెట్టుకుని నేసుకుంటా."

వారం నుంచి అలాగే నేస్తున్నాడు. ఇప్పుడు మేకు కొడుతున్నప్పుడు కూడా ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

పరదా వేలాడదీశారు. దాని కథ వేరు. ఆకుపచ్చ గుడ్డ తెమ్మని మొన్న చెన్నకేశవుల్ని బజారుకు పంపితే, ఎర్రగుడ్డ తెచ్చాడు.

"పచ్చది తెమ్మంటి కదా మామా?"

"ఇది పచ్చది కాదా?" అని, మరుక్షణం "అంగడోడు మార్చినట్టుండాడు" అన్నాడు.

నిద్ర లేక మనిషికి మతి నిలవడం లేదని ఈశ్వరి హడలిపోయింది. సిగ్నలు దగ్గర కూడా ఇలాగే అయితే ఏం గతి?

చెన్నకేశవులు వచ్చి చీకటి గదిని నాలుగువైపులా చూశాడు.

"బాగుండాదా మామా?"

"బాగుండాది. ఇంత కష్టం ఎందుకు పడితివి ఈశ్వరీ?" అని పడుకున్నాడు.

గంట తర్వాత ఆమె తొంగిచూసింది. రెండు కళ్ళూ తెరుచుకుని దూలాలు లెక్కపెడుతున్నాడు.

"నాలుగు దినాలు సెలవు పెట్టరాదా?"

"ఇప్పుడు కుదరదులే," అని గోడవైపు తిరిగాడు.

ఈశ్వరి వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఏడ్చాక ఒక నిశ్చయానికి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం బజారుకని చెప్పి, తిన్నగా ఇంజన్ల షెడ్డుకు పోయింది.

చెన్నకేశవులు పక్కన ఏళ్ళ తరబడి బొగ్గు వేసిన ఫైర్‌మన్ దేవదాసు, విశ్రాంతి గదిలో టీ తాగుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"ఏందక్కా, నువ్వొస్తివి?"

"పెద్దసారు యాడ దేవదాసూ? కాళ్ళు పట్టుకునైనా మీ అన్నకు పగటి డ్యూటీ అడగల్ల. ఇరవై దినాలాయె, పగలు కన్ను మూయలేదు. ఇంజను మీద ఒక్క కునుకు తీస్తే..."

దేవదాసు గ్లాసు కింద పెట్టాడు.

"సారు దగ్గరికి పోవాకక్కా."

"ఎందుకు పోగూడదు? నా మొగుని చేతిలో ఎవురి పానమన్నా పోతే నేను బతుకుతానా?"

"ఆయన చేతిలో ఎవురి పానమూ పోదులే. నీకు చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఏం చెప్పగూడదని?"

దేవదాసు గోడవారనున్న పొడుగాటి బల్లను తువ్వాలుతో దులిపి, ఆమెను కూర్చోమన్నాడు.

"కళ్ళ పరీక్షలో తప్పినకాడి నుంచి, అన్న రాత్రంతా ఈ బల్ల మీదే నిద్రపోతాండాడక్కా."