పాక తలుపు పిడి

పశువులపాక తలుపుకి పిడి ఊడిపోయింది.

ఆ వారమే ఊబినేలలో, ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే మట్టిగడ్డలు కోస్తుంటే ఫెస్టీకి ఓ వంకర కడ్డీ దొరికింది. రెండు చివర్లా చిన్న గిన్నెల్లాంటి బిళ్లలు.

"ఏ పాత మంచానిదో, ఇత్తడి. తలుపుకి కొలిచినట్టు సరిపోయింది చూడు నోరీన్!" అన్నాడు భార్యతో.

సరస్సు పక్క గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలాయన రోజూ సాయంత్రం పాలకి వస్తాడు. పేరు కోల్మన్. ఇంగ్లండులో కూలిపని చేసి చేసి ఈమధ్యే ఇక్కడికి చేరాడు. పాలు పోసినా కదలడు. వాన గురించో ఆవు గురించో మాట్లాడుతూ నిలబడతాడు.

ఆ రోజు తలుపు పిడి చూసి ఆగిపోయాడు.

"అమ్మా, ఇది తలుపుది కాదు. డబ్లిన్ మ్యూజియంలో అచ్చం ఇలాంటిదే చూశాను. వేల ఏళ్ల నాటిది. కప్పుకున్న దుప్పటి జారిపోకుండా దీంతో బిగించుకునేవాళ్లు. బంగారం!"

నోరీన్ పకపకా నవ్వింది. "అయితే మా ఆవుది రాణిభోగమే!"

ఫెస్టీ నవ్వలేదు. ముసలాయన చెయ్యి ఇంకా పిడిమీదే ఉంది.

"పెద్దాయనా, పాలు పోసుకున్నావుగా, బయల్దేరు. రేపట్నించి ఇటు రానక్కర్లేదు."

"నాకెందుకయ్యా అది? మ్యూజియం వాళ్లకి చెబితే మీకే మంచిదని..."

"మా మంచి మేం చూసుకుంటాంలే."

ముసలాయన క్యాను పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ చలికాలంలోనే పోయాడు. పాతిపెట్టేటప్పుడు చర్చి ఫాదరూ, గొయ్యి తవ్వినవాడూ తప్ప ఇంకెవరూ లేరట. నోరీన్ వెళ్దామనుకుంది. వాన పట్టుకుంది.

చలి తగ్గాక డబ్లిన్ మ్యూజియం నుంచి ఒకావిడ వచ్చింది. పిడి ఊడదీసి తడిబట్టతో తుడిచింది. పసుపుపచ్చగా మెరిసింది.

"ఇలాంటివి దొరికితే ప్రభుత్వం ఇచ్చే బహుమానంలో సగం దొరికినవాళ్లకి, సగం నేల యజమానికి. తన సగం కూడా మీకే ఇచ్చెయ్యమన్నాడాయన."

"యజమానేంటండీ? ఆ ఊబికి ఎవరూ లేరు. మా తాత నాటినుంచీ మేమే తవ్వుకుంటున్నాం," అన్నాడు ఫెస్టీ.

"ఉన్నారు. ఎప్పుడో వలసపోయిన కుటుంబం. ఆ ఇంటి కొడుకే డబ్లిన్ దాకా వచ్చి ఈ సంగతి చెప్పాడు. మిమ్మల్ని ఆ నేలలోంచి కదిలించొద్దని కూడా అన్నాడు."

"ఎవరండీ ఆయన?" అంది నోరీన్.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది.

"కోల్మన్. ఈ ఊళ్లో తనకున్న స్నేహితులు మీరిద్దరేనని చెప్పాడే!"