సెనేటర్ గుంథర్ గర్జన

“తొమ్మిదివేల మంది ఉన్న కౌంటీకి ప్రసూతి వార్డు ఎందుకమ్మా? పిల్లల్ని ఎగుమతి చేస్తున్నారా ఏమైనా?”

సెనేటర్ రస్ గుంథర్ కాగితాన్ని బారెడు దూరంలో పట్టుకుని అడిగాడు. అడిగి, కెమెరా వైపు తిరిగాడు. అతని సొంత జిల్లా టీవీ వాళ్లు తెచ్చిన కెమెరా అది. దాని ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా అతని గొంతు ఒక మెట్టు పైకెక్కుతోంది.

సాక్షుల బల్ల దగ్గర కూర్చున్న ఇంగ్రిడ్ సోలెమ్ నవ్వలేదు. ఆ ఎగుమతి మాట మాత్రం అతని సొంత తెలివే అయ్యుంటుంది, అనుకుంది.

మూడు కౌంటీల ప్రభుత్వ ఆసుపత్రుల తరఫున శాసనసభ్యుల్ని ఒప్పించడం ఇంగ్రిడ్ ఉద్యోగం. ఏ బిల్లు ఏ నెలలో వస్తుందో, ఎవరి తలుపు ఎప్పుడు తట్టాలో, ఎవరికి అంకెలు చెప్పాలో, ఎవరికి పొగడ్తలు చాలో, అన్నీ ఆగస్టులోనే పథకం గీసుకుంటుంది. ఇప్పుడు ఫిబ్రవరి. ఈ కమిటీ ఇవాళ డబ్బివ్వడానికి ఒప్పుకోకపోతే వాటిలో ఒకటైన టామరాక్ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు జూన్‌లో మూతపడుతుంది.

కమిటీలో తొమ్మిది మంది. నలుగురు ఇటు, నలుగురు అటు. మిగిలింది గుంథర్.

ఇంగ్రిడ్ పక్కన నర్సు డోరీన్ ఉంది. ఆ వార్డులో ఇరవై ఆరేళ్లుగా పురుళ్లు పోస్తున్న మనిషి. హకల్‌బెర్రీ చాక్లెట్ ఒకటి బుగ్గన పెట్టుకుని గుసగుసగా అంది.

“ఇలాంటి వాళ్లని పుట్టగానే గుర్తుపట్టొచ్చు పిల్లా. ఏడుపు గట్టిగా ఉంటుంది, బరువుండదు.”

గుంథర్ బల్ల గుద్దాడు. “ఏడాదికి పన్నెండు కాన్పులు! పన్నెండు కాన్పులకి ఇద్దరు డాక్టర్లా?”

“నూట పన్నెండు, సెనేటర్ గారూ.”

“అదే, నూట పన్నెండు. నేనన్నదీ అదే.”

“అంకెలు చదవడం కూడా రాదా ఈ మహానుభావుడికి?” అంది డోరీన్.

“రాదు,” అంది ఇంగ్రిడ్ పళ్లు బిగించి.

“మరి కాన్పులు లేని రోజుల్లో మీ డాక్టర్లు ఏం చేస్తారు? పేకాడుకుంటారా?” అన్నాడు గుంథర్.

“గుండె నొప్పులు చూస్తారు. విరిగిన కాళ్లకి కట్లు కడతారు. పేక ముక్కలు కలుపుకునే తీరిక ఇంతవరకు దొరకలేదండీ.”

వెనక వరసల్లో నవ్వులు. గుంథర్ మొహం ఎర్రబడింది. అది కూడా కెమెరాకే. పదహారేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఒక్క బిల్లు తను రాసింది లేదు. ఒక్క వార్డు లోపలికి వెళ్లి చూసింది లేదు. కోపం మాత్రం రోజూ తాజాగా తెస్తాడు.

అతను కాగితం తిప్పాడు. రెండు పేజీలు కలిసి తిరిగిపోయాయి.

“ఇక చివరిగా నేను చెప్పేదేమిటంటే...” అని మొదలుపెట్టాడు.

ఇంగ్రిడ్ కుర్చీలో ముందుకు జరిగింది. రోడ్డు సంగతి రానే లేదు. అదొక్కటే అసలు సంగతి. అది రాకపోతే ఈ మనిషి అవునని ఓటు వేయలేడు. వార్డుకి జూన్ ఖాయం.

“క్షమించండి సెనేటర్ గారూ,” అంది గబుక్కున. “వార్డు మూస్తే గర్భిణుల్ని కొండ అవతలి ఆసుపత్రికి పంపొచ్చు కదా అని మీరు అడుగుతారనుకున్నాను.”

గుంథర్ ఆగాడు. కళ్లు చికిలించి కాగితం వెనక్కి తిప్పాడు.

“ఆ... అక్కడికే వస్తున్నాను! నాకు నేర్పకండి! కొండ అవతల బ్రహ్మాండమైన ఆసుపత్రి ఉంది కదా, పంపడానికేం నొప్పి మీకు?”

“వెధవ, గాలానికి తగులుకున్నాడు,” డోరీన్ చాక్లెట్ కొరికింది.

ఇంగ్రిడ్ గొంతు తగ్గించింది. “తొంభై నాలుగు మైళ్లు. పోయిన చలికాలం మంచు కురిసి దారిలో ఉన్న కనుమ ముప్పై ఒక్క రోజులు మూసేశారు. ఆ జనవరిలో మా డాక్టర్లిద్దరూ జబ్బుపడితే వార్డు రెండు వారాలు ఆపేశాం. ఆ రెండు వారాల్లోనే ఒకావిడ నొప్పులతో కొండ దారి పట్టింది. మంచు తోసే బండి డ్రైవరు తన క్యాబిన్‌లో పురుడు పోశాడు. ఏం చేయాలో ఈ డోరీన్ రేడియోలో చెబుతూనే ఉంది. తల్లి బతికింది.”

బిడ్డ సంగతి గదిలో ఎవరూ అడగలేదు. డోరీన్ చాక్లెట్ నమలడం మానేసి బల్ల వంకే చూస్తోంది.

గుంథర్ కళ్లు తుడుచుకోబోయి, కెమెరా తన మీదే ఉందో లేదో చూసుకుని, అప్పుడు తుడుచుకున్నాడు.

గుమాస్తా పేర్లు పిలిచాడు. నాలుగు అవును. నాలుగు కాదు.

“నాకు దుబారా అంటే ఒళ్లు మంట. అది నా జనానికి తెలుసు,” గుంథర్ కెమెరాకి చెప్పాడు. “అడగాల్సినవన్నీ అడిగాను. ఈవిడ నా నోరు మూయించింది. ఏం చేస్తాను? అవును.”

డోరీన్ ఇంగ్రిడ్‌ని ఊపిరాడకుండా కావలించుకుంది. “ఉతికి ఆరేశావు పిల్లా వాణ్ణి! ఉండు, వార్డుకి ఫోన్ చేసొస్తా. మావాళ్లు ఎగిరి గంతులేస్తారు!” అంటూ పరిగెత్తింది.

ఇంగ్రిడ్ ఒక్కతే లిఫ్ట్ ఎక్కింది. తలుపులు మూసుకోబోతుంటే గుంథర్ కూడా దూరాడు. లోపల ఇంకెవరూ లేరు. అతను టై వదులు చేసుకుని, గోడకి ఆనుకుని, హాయిగా నిట్టూర్చాడు.

“ఈసారి నా ప్రశ్నలు రాసి పంపేటప్పుడు కాస్త పెద్దక్షరాలు పెట్టించు తల్లీ, కళ్లద్దాలు పెట్టుకుంటే టీవీలో ముసలాడిలా కనిపిస్తున్నాను.”